గెలిచి వచ్చిన జట్టును ఓడించే రూల్ ఇంకెన్నాళ్లు? ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్యకు బహిరంగ లేఖ

దార్ ఎస్ సలామ్,
2025 జూన్

గౌరవనీయులైన ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య (కాఫ్) అధ్యక్షులు పాట్రిస్ మొట్సెపే గారికి, కార్యనిర్వాహక కమిటీ సభ్యులకు,

నమస్కారం.

ఈ మధ్య మీరు క్లబ్ పోటీల ప్రైజ్‌మనీ పెంచారు, మహిళలకు ఛాంపియన్స్ లీగ్ తెచ్చారు. ఆ రెండింటికీ మా కృతజ్ఞతలు. ఈ లేఖ మాత్రం మీ నిబంధనల్లో ఇంకా మిగిలి ఉన్న ఒక్క వాక్యం గురించి. రెండు జట్లు ఒకసారి వీళ్ల ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో ఆడే రెండు మ్యాచ్‌ల (లెగ్‌ల) గోల్స్ కలిపితే స్కోరు సమమైనప్పుడు, ఎదుటివాళ్ల మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే గెలిచినట్టు లెక్క. అదే అవే గోల్స్ రూల్. దాన్ని తీసేయమని అడగడానికే ఇది రాస్తున్నాను.

నేను తెలుగువాణ్ని. ఉద్యోగం కోసం వచ్చి దార్ ఎస్ సలామ్‌లో ఉంటున్నాను. ఇదే లేఖను ఇంగ్లీషులో కైరోలోని మీ కార్యాలయానికి పంపుతున్నాను. తెలుగులో ఇక్కడ పెట్టడానికి కారణం ఉంది. టాంజానియాలో, కెన్యాలో, నైజీరియాలో, దక్షిణాఫ్రికాలో బతుకుతున్న మనవాళ్లలో చాలామందికి అక్కడి క్లబ్బులే సొంత క్లబ్బులైపోయాయి. ఇక్కడ మ్యాచ్ ఉందంటే మన ఇళ్లలోనూ టెన్షనే. వాళ్లందరూ ఇది చదవాలి, నచ్చితే గొంతు కలపాలి.

ఈ ప్రశ్న కొత్తగా వచ్చింది కాదు. 2022లో ప్రపంచకప్ ప్లేఆఫ్‌లు అయ్యాక అభిమానులు అడిగారు. 2023లో కాన్ఫెడరేషన్ కప్ (ఆఫ్రికా క్లబ్బుల రెండో పెద్ద పోటీ) ఫైనల్ తర్వాత అడిగారు. 2024 ఫైనల్ తర్వాత మళ్లీ అడిగారు. రూల్ మాత్రం కదల్లేదు. అందుకే జరిగినవి ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. దార్‌లో ఒక రాత్రి, అల్జీర్స్‌లో ఒక రాత్రి

2023 కాన్ఫెడరేషన్ కప్ ఫైనల్‌కు మా ఊరి క్లబ్ యంగ్ ఆఫ్రికన్స్ చేరింది. ఇక్కడ అందరూ యాంగా అంటారు. 1993లో ఇదే ఊరి ప్రత్యర్థి క్లబ్ సింబా కాఫ్ కప్ ఫైనల్ ఆడిన తర్వాత ఒక టాంజానియా క్లబ్ ఇంత దూరం రావడం అదే మొదటిసారి. అంటే ముప్ఫై ఏళ్లు. ఆ వారంలో ఈ ఊరు ఎలా ఉందో మాటల్లో చెప్పడం కష్టం. కరియాకో బజారులో పచ్చ, పసుపు రంగు తప్ప వేరే రంగు కనపడలేదు. సింబా అభిమానుల్లో కూడా కొందరు ఆ ఒక్క వారం పంతం పక్కన పెట్టారు.

మే 28న బెంజమిన్ మ్కాపా స్టేడియంలో తొలి లెగ్. అల్జీరియా క్లబ్ యూఎస్ఎం అల్జర్ తొలి సగంలో ఒక గోల్ వేసింది. 82వ నిమిషంలో ఫిస్టన్ మాయెలే దాన్ని సమం చేశాడు. స్టేడియం ఊగిపోయింది. రెండు నిమిషాలు తిరక్కుండానే అల్జర్ ఇంకో గోల్ వేసి 2-1తో గెలిచింది. ఓడిపోయాం, ఒప్పుకున్నాం.

జూన్ 3న అల్జీర్స్‌లో రెండో లెగ్. అక్కడి జనం మధ్య, ఆ హోరులో, మొదట్లోనే దొరికిన పెనాల్టీని జుమా షబాని గోల్ చేశాడు. మిగిలిన మ్యాచంతా యాంగా ఆ గోల్‌ను కాపాడుకుని 1-0తో గెలిచింది. మొత్తం 2-2.

కప్పు అల్జర్‌కు వెళ్లింది.

ఒక్క క్షణం ఆలోచించండి. రెండు జట్లూ ఎదుటివాళ్ల ఊరికి వెళ్లి గెలిచాయి. రెండూ ఒక్కో గోల్ తేడాతోనే గెలిచాయి. రెండూ చెరి రెండు గోల్స్ కొట్టాయి. తేడా ఒక్కటే. మాయెలే గోల్ సొంత జనం ముందు కొట్టాడు కాబట్టి దానికి విలువ తగ్గింది. బయటికెళ్లి ధైర్యంగా ఆడేవాళ్లను ప్రోత్సహించడానికే ఈ రూల్ అని చెబుతారు. బయటికెళ్లి, ధైర్యంగా ఆడి, గెలిచి వచ్చిన జట్టే ఆ రాత్రి ఈ రూల్ వల్ల ఓడింది. ఇక ఇది ప్రోత్సహిస్తున్నది ఎవరిని?

2. ఏడాది తిరక్కుండానే మళ్లీ

2024 మేలో అదే కప్ ఫైనల్. మొరాకో క్లబ్ బెర్కాన్ సొంత ఊళ్లో 2-1తో ఈజిప్టు క్లబ్ జమాలెక్‌ను ఓడించింది. వారం తర్వాత కైరోలో జమాలెక్ 1-0తో గెలిచింది. మళ్లీ 2-2. ఎవరి ఇంట్లో వాళ్లు ఒక గోల్ తేడాతో గెలిచారు. ఇంతకంటే సమానంగా రెండు జట్లు ఉండలేవు. అయినా బెర్కాన్‌లో కొట్టిన ఒక్క గోల్ పుణ్యమా అని కప్పు జమాలెక్‌కు దక్కింది. ఒక ఖండం స్థాయి కప్ ఫైనల్ వరుసగా రెండేళ్లు మైదానంలో తేలక, నిబంధనల కాగితం మీద తేలింది.

ఇక్కడ మీకే ఒక మాట గుర్తు చేయాలి. 2020 నుంచి 2022 వరకు ఫైనల్‌ను ఒకే మ్యాచ్‌గా పెట్టారు. 2022 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ కాసాబ్లాంకాలో, మొరాకో క్లబ్ విదాద్ సొంత ఊళ్లో పడటంతో దాని ప్రత్యర్థి, కైరో క్లబ్ అల్ అహ్లీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ తర్వాత మీరే రెండు లెగ్‌ల ఫైనల్‌కు తిరిగి వచ్చారు. రెండు ఊళ్ల జనానికీ సమాన అవకాశం దక్కడం మంచిదే. కానీ ఒక ఊరి గోల్ కంటే ఇంకో ఊరి గోల్‌ను ఎక్కువగా లెక్కేసే రూల్‌ను కూడా దాంతో పాటే తెచ్చిపెట్టారు. సమానత్వం కోసం చేసిన మార్పు సగంలోనే ఆగిపోయింది.

3. తొలి లెగ్‌లో భయం

ఈ రూల్ చేసే పెద్ద నష్టం ఫైనల్స్‌లో కంటే తొలి లెగ్‌ల్లో కనపడుతుంది. మూడు ఉదాహరణలు చూడండి.

2022 మార్చిలో ప్రపంచకప్ బెర్తు కోసం ఘనా, నైజీరియా తలపడ్డాయి. ఘనాలోని కుమాసిలో 0-0. నైజీరియా రాజధాని అబుజాలో 1-1. థామస్ పార్టీ గోల్‌తో ఘనా ఖతార్ వెళ్లింది. సొంత గడ్డమీద ఓడిపోకుండానే నైజీరియా ఇంటికెళ్లింది.

2023 మేలో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్. కాసాబ్లాంకాలో విదాద్, దక్షిణాఫ్రికా క్లబ్ మామెలోడీ సన్‌డౌన్స్ 0-0. ప్రిటోరియాలో 2-2. విదాద్ ఫైనల్‌కు వెళ్లింది.

2025 ఏప్రిల్‌లో మళ్లీ సెమీఫైనల్. ప్రిటోరియాలో సన్‌డౌన్స్, అల్ అహ్లీ 0-0. కైరోలో 1-1. ఈసారి సన్‌డౌన్స్ ఫైనల్‌కు వెళ్లింది. సన్‌డౌన్స్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఎన్నో ఏళ్లు ఆ క్లబ్‌ను నడిపింది మీరే. రెండేళ్ల తేడాతో ఈ రూల్ ఒకసారి ఆ క్లబ్‌ను ముంచింది, ఒకసారి తేల్చింది. కాబట్టి ఇది ఏ ఒక్క క్లబ్ కోసమో చేస్తున్న వాదన కాదు.

మూడింటిలోనూ కథ ఒక్కటే. తొలి లెగ్ సొంత మైదానంలో ఆడిన జట్టు గోల్ పడకుండా తలుపులు బిగించుకుంది. రెండో లెగ్‌లో బయట ఒక గోల్, లేదా రెండు, దొరికాయి. అంతే, పై మెట్టుకు చేరింది. ఈ లెక్క ప్రతి కోచ్‌కూ తెలుసు. సొంత ఊళ్లో 0-0 అంటే మంచి ఫలితం అనే మాట ఈ రూల్ వల్లే పుట్టింది. ఇంట్లో ఒక గోల్ పడితే అది గుదిబండ అవుతుంది కనుక, ముందుకెళ్లి ఆడటం మానేస్తారు. డబ్బు కట్టి, ఎండలో నిలబడి, తమ జట్టు గోల్ కొడితే చూద్దామని వచ్చిన జనం తొంభై నిమిషాలు ఈ కాపలా ఆట చూసి వెళ్లాలి.

ఇంకో విషయం. 2023లో ప్రిటోరియాలో, 2025లో కైరోలో ఫలితం తేల్చిన చివరి గోల్స్ రెండూ సెల్ఫ్ గోల్స్. సొంత వలలోకి పొరపాటున పోయిన బంతులు. ఆ ఇద్దరు ఆటగాళ్ల పేర్లు ఇక్కడ రాయను, వాళ్లు పడ్డ బాధ చాలు. దాడిచేసి ఆడినందుకు బహుమతి అని చెప్పే రూల్, రెండు సెమీఫైనల్స్‌లో ఎదుటివాడి కాలు జారినందుకు బహుమతి ఇచ్చింది. అదే రూల్ లేకపోతే ఆ రెండు మ్యాచ్‌లూ పెనాల్టీలకు వెళ్లేవి. ఆ ఆటగాళ్లకు, వాళ్ల జట్లకు కోలుకోవడానికి ఒక అవకాశం మిగిలేది.

4. ఒకరికి 90 నిమిషాలు, ఒకరికి 120

2022 మార్చిలోనే కామెరూన్, అల్జీరియా మధ్య ప్లేఆఫ్. కామెరూన్‌లోని డువాలాలో అల్జీరియా 1-0తో గెలిచింది. అల్జీరియాలోని బ్లిడాలో 90 నిమిషాలయ్యేసరికి కామెరూన్ 1-0తో ముందుంది. మొత్తం 1-1, ఇద్దరికీ చెరో బయటి గోల్. ఎక్స్‌ట్రా టైమ్ పెట్టారు. 118వ నిమిషంలో అల్జీరియా గోల్ వేసింది. ఆ దేశం వీధుల్లోకి వచ్చేసింది. 120 నిమిషాలు దాటాక, అదనపు సమయంలో టోకో ఎకాంబి గోల్ కొట్టాడు. మొత్తం 2-2. బయటి గోల్స్ కామెరూన్‌కు రెండు, అల్జీరియాకు ఒకటి. మ్యాచ్ అయిపోయింది, పెనాల్టీలు లేవు.

ఎకాంబి గోల్ గొప్ప గోల్. కామెరూన్ ఆ తర్వాత ఖతార్‌లో బ్రెజిల్‌నే ఓడించింది. వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ లెక్క చూడండి. బయటి గోల్ కొట్టడానికి కామెరూన్‌కు 120 నిమిషాలు దొరికాయి. అల్జీరియాకు డువాలాలో దొరికింది 90 నిమిషాలే. ఒకే పోటీలో ఒక జట్టుకు అరగంట ఎక్కువ ఇవ్వడాన్ని ఏ పేరుతో సమర్థించగలం?

ఆ ఏడాది ప్రపంచకప్‌కు ఆఫ్రికా నుంచి అయిదు దేశాలు వెళ్లాయి. అందులో రెండు ఈ రూల్ మీదే వెళ్లాయి. ఇది చిన్న విషయం కాదు.

5. సొంత మైదానం ఎక్కడుంది?

ఇంటి గోల్, బయటి గోల్ అని విడదీయాలంటే ముందు ఇల్లు అనేది ఉండాలి. మన ఖండంలో ఎన్ని జట్లకు అది ఉంది?

సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. అప్పటి నుంచి ఒమ్‌దుర్మాన్ క్లబ్ అల్ హిలాల్ సొంత ఊళ్లో ఒక్క కాఫ్ మ్యాచ్ ఆడలేదు. ఒక సీజన్‌లో మా దార్‌నే ఇల్లు చేసుకుంది. తర్వాతి సీజన్‌లో మారిటేనియా రాజధాని నౌక్‌చోట్‌కు వెళ్లింది. మొన్న ఏప్రిల్‌లో క్వార్టర్ ఫైనల్ రెండో లెగ్‌కు అల్ అహ్లీ అక్కడికే వచ్చింది. అల్ హిలాల్ ఆటగాళ్లకు కూడా అది పరాయి దేశమే. రెండు లెగ్‌లూ ఓడారు కాబట్టి గొడవ రాలేదు. స్కోరు సమమై ఉంటే? తలదాచుకున్న ఊళ్లో కొట్టిన గోల్‌ను ఇంటి గోల్ అని తక్కువగా లెక్కేసేవాళ్లు. ఊరు పోగొట్టుకున్న క్లబ్‌కు అది మరో దెబ్బ అయ్యేది.

మా సింబా సంగతీ అంతే. గత నెలలో కాన్ఫెడరేషన్ కప్ ఫైనల్ రెండో లెగ్ దార్‌లో జరగాలి. మ్కాపా స్టేడియం పిచ్ బాగాలేదని మీరే దాన్ని జాంజిబార్‌కు మార్చారు. పిచ్ గురించి మీ నిర్ణయాన్ని తప్పు పట్టను. బెర్కాన్ మొత్తం 3-1తో గెలిచింది కాబట్టి రూల్ అవసరం రాలేదు. ప్రమాణాలకు సరిపోయే స్టేడియం లేక పక్క దేశాల్లో సొంత మ్యాచ్‌లు ఆడే జాతీయ జట్లు ఇంకా ఉన్నాయి. వాటికి ఇల్లు ఏది, బయట ఏది?

యూరప్‌కూ ఇది ఎదురైంది. 2003లో ఏసీ మిలాన్, ఇంటర్ సెమీఫైనల్ రెండు లెగ్‌లూ ఒకే సాన్ సిరో స్టేడియంలో జరిగాయి. స్కోర్లు 0-0, 1-1. మిలాన్ బయటి గోల్ మీద ఫైనల్‌కు వెళ్లింది. రెండు జట్లకూ అది రోజూ ఆడే సొంత మైదానమే. 2021లో కోవిడ్ ఆంక్షల వల్ల లైప్‌జిగ్, లివర్‌పూల్ రెండు లెగ్‌లూ బుడాపెస్ట్‌లోనే ఆడాయి. ఆ ఏడాది జూన్ 24నే యూరప్ సమాఖ్య ఈ రూల్‌ను రద్దు చేసింది.

6. పుట్టిన కారణమే ఇప్పుడు లేదు

ఈ రూల్ 1965లో యూరప్ కప్ విన్నర్స్ కప్‌లో మొదలైంది. అప్పట్లో స్కోరు సమమైతే మూడో ఊళ్లో మూడో మ్యాచ్ పెట్టేవాళ్లు. అదీ సమమైతే నాణెం ఎగరేసేవాళ్లు. 1965 ఫిబ్రవరి, మార్చి నెలల్లో లివర్‌పూల్, కొలోన్ జట్లు మూడు మ్యాచ్‌లు ఆడినా తేలలేదు. చివరికి రాటర్‌డామ్‌లో నాణెం లివర్‌పూల్‌ను గెలిపించింది. అంత ఖర్చు, అంత గుడ్డి అదృష్టం వద్దనుకునే బయటి గోల్ లెక్క తెచ్చారు. ఆ కాలానికి అది మెరుగైన దారే. కానీ 1970లో పెనాల్టీ షూటౌట్ వచ్చింది. సమమైన మ్యాచ్‌ను అదే రాత్రి, అదే మైదానంలో, ఆటగాళ్ల కాళ్లతోనే తేల్చే పద్ధతి అది. ఆ రోజుతో అవే గోల్స్ రూల్ పని అయిపోయింది. మనం దాన్ని అలవాటుగా మోస్తున్నాం.

యూరప్ సమాఖ్య రద్దు చేసేటప్పుడు తన దగ్గరున్న అంకెలు బయట పెట్టింది. 1970ల మధ్యలో సొంత జట్ల గెలుపు 61 శాతం, బయటి జట్లది 19 శాతం. 2021 నాటికి అది 47, 30. సగటున మ్యాచ్‌కు ఇంటి జట్టు గోల్స్ 2.02 నుంచి 1.58కి తగ్గాయి, బయటి జట్టువి 0.95 నుంచి 1.15కి పెరిగాయి. ప్రయాణాలు సులువయ్యాయి, పిచ్‌లు మెరుగయ్యాయి, వీడియో రిఫరీ వచ్చాడు. బయట గోల్ కొట్టడం ఒకప్పటి అద్భుతం కాదు. 2021 నవంబర్‌లో దక్షిణ అమెరికా తీసేసింది. 2023-24 సీజన్ నుంచి ఆసియా తీసేసింది. ఉత్తర, మధ్య అమెరికా క్లబ్ పోటీలో ఇంకా ఉంది, నిజమే. కానీ వాళ్లు మానలేదు కాబట్టి మనమూ మానం అనడం జవాబు కాదు.

7. మీరు చెప్పబోయే అభ్యంతరం

ఆఫ్రికాలో ప్రయాణం కష్టం, విమానాలు తక్కువ, వాతావరణాలు వేరు, కొన్నిచోట్ల ఆతిథ్యం కూడా సరిగా ఉండదు, అందుకే ఇక్కడ బయటి గోల్‌కు ఎక్కువ విలువ ఉండాలి అంటారు. ఇది బలమైన వాదనే, తేలిగ్గా కొట్టిపారేయను. దార్ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు ఒక జట్టు వెళ్లి రావాలంటే ఎంత ప్రయాసో ఇక్కడివాళ్లకు తెలుసు.

కానీ ఆ కష్టం రెండు జట్లకూ చెరోసారి వస్తుంది. రెండు లెగ్‌లు పెట్టిందే అందుకు. ఒకసారి నువ్వు రా, ఒకసారి నేను వస్తాను అన్నాక లెక్క సరిపోయింది. దానిపైన మళ్లీ గోల్‌కు అదనపు విలువ కట్టడం ఎందుకు? క్రికెట్ తెలిసిన మనవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, ఉప్పల్‌లో కొట్టిన సిక్స్‌కు ఆరు పరుగులు, ముంబైలో కొట్టిన సిక్స్‌కు ఏడు పరుగులు అన్నట్టు ఉంటుంది. ప్రయాణం కష్టమైతే ప్రయాణాన్ని బాగుచేయాలి. వీసాలు ముందే ఇప్పించాలి. వచ్చిన జట్టుకు ప్రాక్టీసు మైదానం, భద్రత ఇవ్వని క్లబ్‌కు జరిమానా వేయాలి. గోల్స్ లెక్క మార్చినంత మాత్రాన అలిసిపోయిన ఆటగాడికి నిద్ర దొరకదు.

ఈ రూల్ వల్ల మంచి జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2020 మార్చిలో జాంబియా మహిళల జట్టు ఇలాగే 4-4తో సమమై, బయటి గోల్స్ మీద కామెరూన్‌ను దాటి టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లింది. అక్కడ బార్బ్రా బండా రెండు హ్యాట్రిక్‌లు కొట్టి ప్రపంచాన్ని తనవైపు తిప్పుకుంది. ఆ అమ్మాయిల ఆనందం నాదీ. అయినా యావుండేలో 3-2తో గెలిచి, లుసాకాలో 2-1తో ఓడిన కామెరూన్ అమ్మాయిలు ఏం తప్పు చేశారు? వాళ్లకూ పెనాల్టీల దాకా వెళ్లే హక్కు ఉండాల్సింది.

8. దీని భారం మోసేది ఎవరు

కాగితం మీద ఇది ఒక టైబ్రేకర్. కింద ఉన్నవాళ్లకు మాత్రం అది డబ్బు, పని, ఆశ.

2023లో కాన్ఫెడరేషన్ కప్ విజేతకు 20 లక్షల డాలర్లు, ఓడినవాళ్లకు 10 లక్షల డాలర్లు. యాంగాకు పోయిన ఆ 10 లక్షలు ఈ ఊళ్లో చిన్న మొత్తం కాదు. పిల్లల జట్లు, మైదానాలు, జీతాలు అందులోంచే వస్తాయి. అల్జర్ ఆ కప్పుతో, ఛాంపియన్స్ లీగ్ విజేతతో తలపడే సూపర్ కప్ ఆడి, అల్ అహ్లీని కూడా ఓడించింది. ఆ తలుపు యాంగాకు తెరుచుకోలేదు. 2022 ప్రపంచకప్‌లో గ్రూపు దశలోనే ఓడిన జట్టుకు కూడా ఫిఫా 90 లక్షల డాలర్లు ఇచ్చింది, సన్నాహాలకు మరో 15 లక్షలు. నైజీరియా, అల్జీరియా ఫుట్‌బాల్ సంఘాలు రెండూ స్కోరు సమం చేసి కూడా ఆ డబ్బుకు దూరమయ్యాయి.

ఇక మామూలు జనం. ఇక్కడ డలడలా బస్సు నడిపేవాడు, బోడబోడా బండివాడు, రోడ్డు పక్కన చిప్సీ వేయించి అమ్మే అమ్మ, వీళ్లకు మ్యాచ్ రోజు పండగ రోజు. జట్టు పైకి వెళ్తే ఇంకో పెద్ద మ్యాచ్ వస్తుంది, ఇంకో రోజు గిరాకీ ఉంటుంది. స్టేడియం టికెట్ కొనలేనివాళ్లు రేకుల షెడ్డులో టీవీ పెట్టిన చిన్న హాళ్లలో కొన్ని షిల్లింగులు ఇచ్చి, బెంచీల మీద ఇరుక్కుని చూస్తారు. జూన్ 3 రాత్రి అలాంటి హాల్లోంచి బయటికి వచ్చినవాళ్ల ముఖాల్లో ఓడిన బాధ కంటే ఏం జరిగిందో తెలియని అయోమయం ఎక్కువ కనపడింది. మా ఆఫీసు కాపలాదారు మర్నాడు నన్ను అడిగాడు: “మేం గెలిచాం, మొత్తం సమం అయింది, మరి కప్పు వాళ్లకెందుకు ఇచ్చారు?” నేను రూల్ వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆయనకు అర్థమైంది, సబబుగా మాత్రం అనిపించలేదు. ఫలితాన్ని జనం నమ్మాలంటే అది సబబుగా కనపడాలి. 2022లో అబుజాలో మ్యాచ్ అవ్వగానే జనం మైదానంలోకి దూసుకొచ్చి కనపడినవన్నీ విరగ్గొట్టారు. అది తప్పే. కానీ ఓడకుండానే బయటికి పంపారన్న కోపం ఆ రాత్రి ఎంత ఉందో కూడా మీరు చూడాలి.

పెనాల్టీల్లోనూ గుండె పగులుతుంది. 2023 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనల్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ, ఏటీకే మోహన్ బగాన్ రెండు లెగ్‌లూ 0-0గా ముగించాయి. పెనాల్టీల్లో 4-3తో మోహన్ బగాన్ గెలిచింది. హైదరాబాద్ అభిమానులు బాధపడ్డారు. అన్యాయం జరిగిందని మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు. ఇద్దరూ ఒకే గోల్‌పోస్టు మీద, ఒకే దూరం నుంచి కొట్టారు. జనం అడిగేది ఆ మాత్రమే.

మా డిమాండ్లు

ఒకటి. వచ్చే సీజన్ మొదలయ్యేలోగా ఛాంపియన్స్ లీగ్, కాన్ఫెడరేషన్ కప్ నిబంధనల్లోంచి అవే గోల్స్ రూల్‌ను పూర్తిగా తొలగించండి. ప్రాథమిక రౌండ్ల నుంచి ఫైనల్ దాకా.

రెండు. ఆఫ్రికా కప్ ప్రాథమిక రౌండ్లు, చాన్ (సొంత దేశపు లీగ్‌లో ఆడేవాళ్లతోనే జరిగే జాతీయ జట్ల పోటీ) అర్హత పోటీలు, మహిళల అర్హత పోటీలు, కుర్రాళ్ల పోటీలు, రెండు లెగ్‌లు ఉన్న ప్రతిచోటా ఇదే మార్పు చేయండి. మహిళల పోటీలకు మరో ఏడాది ఆగండి అనవద్దు.

మూడు. 180 నిమిషాల తర్వాత స్కోరు సమమైతే నేరుగా పెనాల్టీలు పెట్టండి. ఎక్స్‌ట్రా టైమ్ వద్దని ఎందుకు అంటున్నానంటే, ఆ అరగంట రెండో లెగ్ ఆతిథ్య జట్టుకే లాభం. ఒక వంకర తీసి ఇంకో వంకర పెట్టినట్టవుతుంది. దక్షిణ అమెరికా పెద్ద క్లబ్ పోటీ లిబెర్తదోరెస్ నాకౌట్‌లలో నేరుగా పెనాల్టీలకే వెళ్తున్నారు. మన క్లబ్ పోటీల్లోనూ బయటి గోల్స్ కూడా సమమైతే మీరు ఇప్పటికే చేస్తున్నది అదే. 2024 క్వార్టర్ ఫైనల్‌లో యాంగా, సన్‌డౌన్స్ రెండు లెగ్‌లూ 0-0 అయితే పెనాల్టీలే పెట్టారు. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, మధ్యలో ఉన్న ఒక్క మెట్టు తీసేస్తే చాలు.

నాలుగు. ఏదైనా కారణంతో వచ్చే సీజన్‌కే మొత్తం మార్చలేకపోతే, కనీసం ఫైనల్స్‌కు ఈ రూల్ వర్తించదని ప్రకటించండి. దక్షిణ అమెరికాలో మిగతా రౌండ్లలో ఈ రూల్ ఉన్న రోజుల్లో కూడా లిబెర్తదోరెస్ ఫైనల్‌లో దాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు.

ఐదు. ఇప్పటివరకు మీ పోటీల్లో ఎన్ని ఫలితాలు ఈ రూల్ మీద తేలాయి, తొలి లెగ్‌లో ఇంటి జట్లు ఎన్ని గోల్స్ కొట్టాయి, తటస్థ వేదికల్లో ఎన్ని సొంత మ్యాచ్‌లు జరిగాయి అన్న అంకెలు బయట పెట్టండి. మ్యాచ్ నివేదికలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. రూల్ ఉండాలని మీరు నమ్మితే ఆ అంకెలతోనే మమ్మల్ని ఒప్పించండి.

ఆరు. ఈ విషయాన్ని కార్యనిర్వాహక కమిటీ తదుపరి సమావేశం అజెండాలో చేర్చండి. నిర్ణయం ఏదైనా సరే, కారణాలతో సహా రాతపూర్వకంగా ప్రకటించండి. కొత్త సీజన్ ప్రాథమిక రౌండ్లు మొదలయ్యేలోపు ఆ ప్రకటన వస్తే, క్లబ్బులు దానికి తగ్గట్టు సిద్ధం కావడానికి సమయం ఉంటుంది.

ఇట్లు,
దార్ ఎస్ సలామ్‌లో ఉంటున్న ఒక తెలుగు ఫుట్‌బాల్ అభిమాని